సున్నా రోజు తరువాత

ఎముక మూలుగ మార్పిడి అనగానే ఎవరికైనా శస్త్రచికిత్స గదీ, కత్తులూ, ముఖాలకు గుడ్డలు కట్టుకున్న వైద్యులూ మనసులో మెదులుతారు. నిజానికి రోగి వైపున అందులో కోతా లేదు, కుట్టూ లేదు. దాత నుంచి తీసిన మూలకణాలు చిక్కటి ఎర్రని ద్రవంగా ఒక ప్లాస్టిక్ సంచీలో వస్తాయి. సెలైను తగిలించే కొక్కేనికే ఆ సంచీని తగిలిస్తారు. గంటో రెండు గంటలో బొట్టుబొట్టుగా దిగి రోగి సిరలో కలిసిపోతుంది. చూడటానికి వచ్చినవారు ఇంతేనా అనుకుంటారు. ఇంతే. ఆ రోజుకు వైద్యులు పెట్టుకున్న పేరు సున్నా రోజు. దానికి ముందున్నవి ఋణ సంఖ్యలు, వెనుక వచ్చేవి ధన సంఖ్యలు. క్రీస్తుకు పూర్వం, క్రీస్తు తరువాత అని చరిత్రకారులు కాలాన్ని చీల్చినట్టే ఒక మనిషి ఆయుర్దాయాన్ని ఈ సంచీ దగ్గర రెండుగా చీలుస్తారు.

అసలు కథ సంచీ ఖాళీ అయిన తరువాత మొదలవుతుంది. ఋణ సంఖ్యల రోజుల్లో తీవ్రమైన మందులతోనో, ఒళ్ళంతటికీ ఇచ్చే కిరణాలతోనో రోగి సొంత మూలుగను పూర్తిగా ఎండగడతారు. జబ్బు కణాలతో పాటు మంచి కణాలూ పోతాయి. కొత్తగా ఎక్కించిన కణాలు నెత్తుటిలో తిరిగి తిరిగి ఎముకల లోపలి ఖాళీలను వెతుక్కుని, అక్కడ కుదురుకుని, చీలి, పెరిగి, తెల్లకణాలను బయటికి పంపటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. పాత పంట కోసేశారు, కొత్త నారు వేశారు, అది వేరు పట్టిందో లేదో మొలక పైకి వస్తే గాని తెలియదు. ఈ మధ్య రోజుల్లో ఆ మనిషికి రక్షణ అంటూ ఏదీ ఉండదు. తన నోట్లోని సూక్ష్మజీవే తనను చంపగలదు. ఎక్కించటం ఎలాగో వైద్యులు తొలినాళ్ళలోనే నేర్చుకున్నారు. ఎక్కించిన తరువాతి నిరీక్షణను దాటించటం నేర్చుకోవటానికి మరో పాతికేళ్ళు పట్టింది. ఆ పాతికేళ్ళ గురించే ఈ టపా.

(ఒక చిన్న పక్కదారి. మూలుగ అంటే ఎముక లోపలి మెత్తటి పదార్థం. మూలుగు అంటే బాధతో చేసే శబ్దం. ఒక్క ఉకారమే తేడా. వ్యుత్పత్తి పండితులు ఏమంటారో గాని, ఆసుపత్రి వరండాలో కొన్ని వారాలు కూర్చున్నవారికి ఈ రెండు మాటలూ ఒకే ఇంటివని అనిపించక మానదు.)

ఈ ఖాళీ రోజులను ప్రపంచం మొట్టమొదట పెద్దఎత్తున చూసింది 1945 ఆగస్టులో. హిరోషిమా, నాగసాకిలలో బాంబు వేడికీ, దెబ్బకూ అప్పటికప్పుడు మరణించినవారు కాక, పైకి పెద్ద గాయాలు లేకుండా బయటపడినవారు చాలామంది ఉన్నారు. మూడో వారంలో, నాలుగో వారంలో వారికి జుట్టు రాలింది, చర్మం మీద ఎర్రని మచ్చలు లేచాయి, చిగుళ్ళ నుంచి రక్తం కారింది, జ్వరం వచ్చింది. బాంబు పడిన నెల రోజులకు మనుషులు ఎందుకు చనిపోతున్నారో మొదట ఎవరికీ అంతుబట్టలేదు. కిరణాలు వారి మూలుగను ఆ క్షణంలోనే చంపేశాయి. నెత్తుటిలో అప్పటికే ఉన్న కణాలు తమ ఆయువు తీరేదాకా తిరిగి పోయాయి. వాటి స్థానంలోకి రావలసినవి రాలేదు. వారిది కూడా నిరీక్షణే. తాము దేనికోసం ఎదురుచూస్తున్నారో వారికి తెలియదు, అది రాదని వైద్యులకూ తెలియదు.

యుద్ధం ముగిశాక అణుశక్తి పరిశోధనకు ధనం ధారాళంగా వచ్చింది, దానితో పాటు కిరణాల నుంచి మనిషిని కాపాడే మార్గాల వెతుకులాటా మొదలైంది. షికాగోలో లియోన్ జాకబ్‌సన్ 1949లో ఎలుకల ప్లీహానికి సీసపు తొడుగు వేసి, మిగిలిన ఒంటికంతటికీ ప్రాణాంతకమైన మోతాదులో కిరణాలు ఇచ్చాడు. చావవలసిన ఎలుకలు బ్రతికాయి. 1951లో ఎగాన్ లోరెంజ్ బృందం మరో ఎలుక మూలుగను సిరలోకి ఎక్కించి అదే ఫలితం సాధించింది. ఎందుకు బ్రతికాయి? ప్లీహంలో, మూలుగలో హార్మోను వంటి ద్రవ్యమేదో ఉండి, అది రోగి సొంత మూలుగను తట్టి లేపుతోందని చాలామంది నమ్మారు. లేదు, ఎక్కించిన కణాలే అక్కడ కాపురం పెట్టాయని మరికొందరు అన్నారు. మందా, విత్తనమా అన్న ఈ తగవు 1956లో తీరింది. ఇంగ్లండులోని హార్వెల్‌లో ఫోర్డ్, లౌటిట్, వారి సహచరులు ఒక ఉపాయం పన్నారు. దాత ఎలుకలను, సూక్ష్మదర్శినిలో చూడగానే గుర్తుపట్టగల వింత క్రోమోజోము ఉన్న జాతి నుంచి తీసుకున్నారు. కోలుకున్న ఎలుకల మూలుగలో ఆ క్రోమోజోమే కనిపించింది. అది విత్తనమే. బ్రతికిన ఎలుక నెత్తురు దానిది కాదు. ఈ క్రోమోజోము సంగతి గుర్తుంచుకోమని చదువరులకు మనవి.

విత్తనమని తేలాక, అది మొలకెత్తటాన్ని కళ్ళారా చూసినవారు టొరాంటోలోని ఇద్దరు, జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెకల్లక్. కిరణాలిచ్చిన ఎలుకలకు మూలుగ కణాలు ఎక్కించి వదిలేశారు. పది రోజుల తరువాత, ఒక ఆదివారం నాడు మెకల్లక్ ప్రయోగశాలకు వచ్చి వాటి ప్లీహాలను పరీక్షిస్తే వాటి మీద చిన్న చిన్న బుడిపెలు కనిపించాయట. లెక్కపెడితే, ఎక్కించిన కణాలు పెరిగిన కొద్దీ బుడిపెలూ అదే నిష్పత్తిలో పెరిగాయి. రమారమి పదివేల కణాలకు ఒకటి. పదివేలలో ఆ ఒక్కటే మూలకణం వంటిది. 1961లో వెలువడిన ఆ వ్యాసాన్ని అప్పట్లో పట్టించుకున్నవారు తక్కువ. నన్ను ఆకట్టుకున్నది ఆ పది రోజుల వ్యవధి. మరునాడే ప్లీహాన్ని కోసి ఉంటే ఏమీ కనిపించేది కాదు. ఏమీ కనిపించని రోజుల్లోనే అంతా జరుగుతుందనటానికి అంతకంటే రుజువు నాకు దొరకలేదు.

ఇక మనుషుల దగ్గరకు వస్తే ఈ చరిత్ర చదవటం కష్టం. న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్ళో ఇ. డానల్ థామస్ 1957లో ఆరుగురు రోగులకు ఇతరుల మూలుగ ఎక్కించిన వైనాన్ని ప్రకటించాడు. ఇద్దరిలో కొత్త కణాలు కొద్ది కాలం జాడ చూపి మాయమయ్యాయి. నూరు రోజులు దాటి బ్రతికినవారు ఒక్కరూ లేరు. 1959లో ల్యుకేమియా ముదిరిన ఇద్దరికి వారి కవల తోబుట్టువుల మూలుగ ఎక్కిస్తే అది చక్కగా నాటుకుంది. కాని నెలల్లోనే జబ్బు తిరగబెట్టింది. మొలక వచ్చిందన్న సంతోషం కలుపు మళ్ళీ లేచేదాకానే.

ఆ కాలంలోనిదే ఇంకొక ఘటన, దీన్ని గురించి మన భాషలో వ్రాసినవారు తక్కువ గనుక కొంచెం విస్తరిస్తాను. 1958 అక్టోబరు 15న యుగోస్లావియా రాజధాని బెల్‌గ్రేడ్ దగ్గరి విన్చా పరిశోధనా సంస్థలో ఒక చిన్న రియాక్టరు అదుపు తప్పింది. గదిలో ఉన్న ఆరుగురికి, వారిలో చాలామంది చదువుకుంటున్న యువకులు, ఒకరు యువతి, భారీగా కిరణాలు సోకాయి. వెంటనే విమానంలో పారిస్‌కు తరలించి క్యూరీ ఆసుపత్రిలో జార్జ్ మాథే సంరక్షణలో ఉంచారు. మొదటి వారాల్లో వారు మామూలుగానే కనిపించారు. హిరోషిమా తెలిసిన వైద్యులకు మాత్రం ఆ మామూలుతనం మీద నమ్మకం లేదు. లెక్కలు పడిపోసాగాయి. నవంబరులో పరిస్థితి విషమించిన ఐదుగురికి మూలుగ ఎక్కించాలని మాథే నిశ్చయించాడు. మనుషుల్లో అప్పటిదాకా సరిగా ఫలించని పని అది. దాతలు కావాలి.

వచ్చారు. ఏ సంబంధమూ లేని ఫ్రెంచి పౌరులు, భాష కూడా తెలియని విదేశీయుల కోసం మత్తుమందు పుచ్చుకుని, ఎముకలలోకి సూదులు పొడిపించుకుని మూలుగ ఇచ్చారు. తమకు ఏమవుతుందో ఎవరూ రూఢిగా చెప్పలేని రోజులవి. తోబుట్టువుల కోసం ఇవ్వటంలో పెద్ద గొప్పతనం లేదు, ఆ మాట అనే అర్హత నాకున్నదనే అనుకుంటున్నాను. వీరిది వేరు.

ఐదుగురిలో ఒకరు మరణించారు. నలుగురు కోలుకున్నారు, మోతాదు తక్కువ తగిలిన ఆరో మనిషి మార్పిడి లేకుండానే బయటపడ్డాడు. ఆ యువతి తరువాతి కాలంలో తల్లి కూడా అయింది. అయితే ఈ నలుగురినీ కాపాడినది దాతల మూలుగేనా, లేక కొనఊపిరితో మిగిలిన వారి సొంత మూలుగ మళ్ళీ లేచిందా అన్న వాదం శాస్త్రజ్ఞులలో చాలాకాలం నడిచింది. దాతల కణాల జాడ కొంతకాలం కనిపించి తరువాత లేకుండా పోయింది. సొంత మూలుగ లేచేదాకా అరువు మూలుగ నిలబెట్టిందని అనుకోవటం నాకు సబబుగా తోస్తుంది. అలా అయితే ఆ దాతలు ఇచ్చినది వ్యవధి. మరేమీ ఇవ్వకపోయినా అది చాలు.

విన్చా కలిగించిన ఉత్సాహంతో అనేక దేశాల్లో ప్రయత్నాలు జరిగాయి. దాదాపు అన్నీ విఫలమయ్యాయి. 1970లో మార్టిమర్ బార్టిన్ అంతవరకు ప్రకటితమైన రెండు వందల పైచిలుకు మార్పిడులను సమీక్షిస్తే, అధిక సంఖ్యాకులు అప్పటికే మరణించారు. కొందరిలో మూలుగ నాటుకోలేదు. కొందరిలో నాటుకుంది గాని, వచ్చిన కణాలు ఆతిథ్యమిచ్చిన ఒంటినే పరాయిదిగా ఎంచి చర్మాన్నీ, పేగులనూ, కాలేయాన్నీ తినివేశాయి. అతిథి ఇంటివారి మీద తిరగబడటమన్న మాట. మిగిలినవారు ఆ రెండూ తేలకముందే, ఖాళీ రోజుల్లోనే, రక్తస్రావంతోనో జ్వరంతోనో వెళ్ళిపోయారు. చాలామంది పరిశోధకులు ఈ రంగాన్ని విడిచిపెట్టారు.

మార్పిడి గురించి ఆలోచించని చోట్ల నుంచి కూడా సాయం వచ్చింది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో ఎమిల్ ఫ్రైరైక్ ల్యుకేమియా పిల్లలు నెత్తురు కారి చనిపోవటాన్ని సహించలేక ప్లేట్‌లెట్ల మార్పిడిని పట్టుబట్టి నిలబెట్టాడు. అక్కడికి కొడుకు వైద్యం కోసం వచ్చిన జార్జ్ జడ్సన్ ఐబీఎం సంస్థలో ఇంజనీరు. నెత్తురును తిప్పి కణాలను వేరుచేసే యంత్రం ఒకటి చేయలేమా అని ఆయనకు తోచింది. ఇద్దరూ కలిసి 1965 నాటికి దాన్ని తయారుచేశారు. అలాగే 1960ల చివరికి, తెల్లకణాలు లేనివారిని గంటల్లో బలిగొనే సూడోమొనాస్ బాక్టీరియాను ఎదిరించే యాంటీబయాటిక్స్ వచ్చాయి. పారిస్‌లో జాన్ దోసే 1958లో మొదలుపెట్టిన పని వల్ల తెల్లకణాల మీద ఉండే గుర్తులను బట్టి దాతకూ రోగికీ పొంతన చూడటం సాధ్యమైంది. మన జాతకాల పొంతన కంటే ఇది కఠినం. ఒకే తల్లిదండ్రుల పిల్లల్లో నలుగురిలో ఒకరికి కుదిరే అవకాశం.

1968లో మిన్నెసోటాలో రాబర్ట్ గుడ్ బృందం రోగనిరోధకశక్తి లేకుండా పుట్టిన అయిదు నెలల పసివాడికి అక్క మూలుగ ఎక్కించి కాపాడింది. మరుసటి ఏడు సియాటిల్‌లో థామస్ మళ్ళీ మొదలుపెట్టాడు. మధ్య పదేళ్ళూ ఆయన కుక్కల మీద పనిచేశాడు. అందరూ మానేసిన పనిని పట్టుకుని వేలాడటం మొండితనమో దార్శనికతో ఫలితం వచ్చేదాకా ఎవరూ చెప్పలేరు. ఆయన పక్కన ప్రయోగశాలలోనూ, వ్యాసరచనలోనూ, ఇంటా అన్ని పనులూ చూసిన భార్య డాటీని ఆ రంగంలోనివారు మూలుగ మార్పిడికి తల్లి అంటారు. 1977లో వారు ప్రకటించిన లెక్క ఇది: వేరే ఏ మందుకూ లొంగని నూరుమంది ల్యుకేమియా రోగులలో పదముగ్గురు జబ్బు లేకుండా జీవించి ఉన్నారు. నూటికి పదమూడు అంటే ఈనాడు మనకు అన్యాయంగా తోస్తుంది. అంతకుముందు ఆ నూరుమందికీ మిగిలేది సున్నా. థామస్‌కు 1990లో నోబెల్ బహుమానం వచ్చింది.

సియాటిల్ విజయానికి ఒక ముఖ్య కారణం, తిరగబడే అతిథి కణాలను అదుపు చేయటానికి వారు వాడిన మందు, మెథోట్రెక్సేట్. ఇక్కడ మనం భీమవరం వెళ్ళి రావాలి.

1895లో భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు సోదరుణ్ణి స్ప్రూ అనే పేగుల వ్యాధి బలిగొన్నది. ఆ జబ్బుకు మందు కనుక్కోవాలన్నది ఆయనను నడిపించిన కోరికలలో ఒకటి. అమెరికా వెళ్ళి, హార్వర్డ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి, 1940లో లెడర్లీ కంపెనీలో చేరాక ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూకు అది మందు. ఆ ఆమ్లానికి నకళ్ళుగా, కణాలను మోసం చేసి విభజనను ఆపే ద్రవ్యాలనూ ఆ బృందమే తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1947లో ల్యుకేమియా పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించాడు. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్. సుబ్బారావు ఆ 1948 ఆగస్టులోనే మరణించాడు. మూలుగ మార్పిడి అన్న మాట అప్పటికింకా లేదు.

మార్పిడిలో దీన్ని ఒకటి, మూడు, ఆరు, పదకొండు రోజుల్లో స్వల్ప మోతాదులో ఇవ్వటం ఒక ఆనవాయితీగా స్థిరపడింది. 1980లలో సైక్లోస్పోరిన్ దీనికి జత అయింది. అతిథి కణాలలో ఆతిథ్యమిచ్చిన ఒంటిమీద కోపగించుకున్నవి ముందుగా, వేగంగా చీలటం మొదలుపెడతాయి; చీలుతున్న వాటినే ఈ మందు పట్టుకుంటుంది. కాని ఇందులో ఒక మెలిక ఉంది. ఇది నోటిపూతను పెంచుతుంది, కొత్త మూలుగ నాటుకోవటాన్ని కూడా కొన్ని రోజులు ఆలస్యం చేస్తుంది. అంటే నిరీక్షణ భద్రంగా సాగటం కోసం నిరీక్షణనే పొడిగిస్తున్నారన్న మాట.

ఈ మెలిక నాకు పుస్తకాల్లో కాక ముందు ఒక మంచం పక్కన తెలిసింది. 2017లో మా తమ్ముడికి మూలుగ మార్పిడి జరిగింది. పొంతన కుదిరిన తోబుట్టువును నేనే. ఆరో రోజు నర్సు చిన్న సిరంజిలో పసుపుపచ్చని ద్రవం తెచ్చింది. అప్పటికే వాడు ఉమ్మి కూడా మింగలేకపోతున్నాడు. ఇది కూడా అవసరమా అన్నట్టు నా వైపు చూశాడు. ఇది మన భీమవరం ఆయన మందురా అన్నాను. పలకమీద వ్రాసి చూపించాడు: "అక్కా, ఆయన కూడా మన అమ్మమ్మలాగే. మంచికే అని చేదు తాగిస్తాడు."

పొంతన కుదరనివారి సంగతి కూడా చెప్పాలి. అమెరికాలోని టెక్సాస్‌లో 1971లో పుట్టిన డేవిడ్ వెటర్ అనే బాలుడికి పుట్టుకతోనే నిరోధకశక్తి లేదు. అక్క మూలుగ సరిపోతుందని ఆశించి, పుట్టిన క్షణాల్లోనే సూక్ష్మజీవి రహితమైన ప్లాస్టిక్ గుడారంలో ఉంచారు. సరిపోలేదు. ఇంకెవరైనా దొరుకుతారని, శాస్త్రం ముందుకు వెళుతుందని పన్నెండేళ్ళు ఆ గుడారంలోనే పెంచారు. తల్లి చేయి అతన్ని ఎప్పుడు తాకినా మధ్యలో రబ్బరు తొడుగు ఉండేది. పూర్తిగా పొంతన లేని మూలుగను శుద్ధి చేసి ఎక్కించే పద్ధతి వచ్చాక, 1983 అక్టోబరులో అదే అక్క మూలుగ ఎక్కించారు. ఆ మూలుగలో నిద్రిస్తున్న ఒక వైరస్ అతనిలో మేలుకుని క్యాన్సరుకు దారితీసింది. 1984 ఫిబ్రవరిలో గుడారం నుంచి బయటికి తెచ్చారు. పదిహేను రోజులకు మరణించాడు. పత్రికలు ఆ పిల్లవాణ్ణి బుడగ బాలుడని ముద్దుగా పిలిచాయి. ఆ పేరు చూసినప్పుడల్లా నాకు చిరాకు. నిరీక్షణకు కూడా ఒక హద్దు ఉండాలేమోనన్న ప్రశ్నను ఆ పేరు కప్పేస్తుంది.

ఎనభైల తరువాతి మార్పులను త్వరగా దాటుతాను. 1988లో పారిస్‌లో ఎలియాన్ గ్లుక్‌మన్ బొడ్డుతాడు నెత్తుటితో మార్పిడి చేసింది; పొంతన కొంత తక్కువైనా సహిస్తుంది గాని మొలకెత్తటం ఇంకా ఆలస్యం. 1991లో తెల్లకణాలను పెంచే జీసీఎస్ఎఫ్ అనే మందుకు అమెరికాలో అనుమతి లభించింది. దీని వల్ల ఖాళీ రోజులు కొన్ని తగ్గాయి. పూర్తిగా పోలేదు, పోవు; ఒక కణం పుట్టి, ఎదిగి, పనికి రావటానికి పట్టే కాలాన్ని ఏ మందూ రద్దు చేయలేదు. ఇదే మందును దాతకు ఇస్తే మూలకణాలు ఎముకలు విడిచి నెత్తుటిలోకి వస్తాయి. అందువల్ల చాలా సందర్భాల్లో దాత ఎముకల్లో సూదులు గుచ్చే పని తప్పింది. నాకూ అలాగే తీశారు. నాలుగైదు రోజులు సూదిమందు, నడుములో జ్వరం వచ్చినప్పటి నొప్పి, ఆపైన ఒక పూట యంత్రం పక్కన పడుకోవటం. ఒక చేతి నుంచి వెళ్ళిన నెత్తురు తిరిగి రెండో చేతిలోకి వస్తుంది. ఆ యంత్రం జడ్సన్ యంత్రానికి మనుమరాలని నాకు అప్పటికి తెలియదు.

మన దేశంలో తొలి మార్పిడి 1983లో ముంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో జరిగింది. చేసిన సురేశ్ అద్వానీ సియాటిల్‌లో థామస్ దగ్గర నేర్చుకుని వచ్చినవాడు. చిన్ననాడే పోలియో సోకి చక్రాల కుర్చీలోనే తిరిగిన మనిషి. తొమ్మిదేళ్ళ బాలికకు తమ్ముడో అన్నో అయిన బాలుని మూలుగ ఎక్కించాడు. 1986లో రాయవెల్లూరు సి.ఎం.సి.లో మామెన్ చాండీ ఈ పని ఆరంభించాడు. చిత్తూరు, నెల్లూరు జిల్లాలవారికి పెద్ద జబ్బు అంటే ముందు గుర్తుకు వచ్చే ఊరు అదే కదా. ఇద్దరు పిల్లలతో ఆగే మన ఈనాటి కుటుంబాల్లో నలుగురిలో ఒకరు అన్న లెక్క కుదరటం కష్టం. సగం పొంతనతో తల్లినో తండ్రినో దాతను చేసి, మూడో, నాలుగో రోజుల్లో సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చే పద్ధతి జాన్స్ హాప్‌కిన్స్‌లో రూపుదిద్దుకోవటం మనవంటి వారికి పెద్ద వెసులుబాటు.

తెల్లకణాలలో న్యూట్రోఫిల్స్ అనేవి మైక్రోలీటరుకు అయిదు వందలు దాటి వరుసగా మూడు రోజులు నిలిస్తే మూలుగ నాటుకున్నట్టు లెక్క. ఈ అంకె కోసం ఉదయాన్నే నెత్తురు తీస్తారు, మధ్యాహ్నానికి ఫలితం వస్తుంది. ఆ పూటకు ఆ పూట బ్రతకటమంటే ఏమిటో అక్కడ కూర్చున్నవారికి తెలుస్తుంది. పదో రోజు సున్నా. పదకొండు సున్నా. పన్నెండో రోజు సున్నా, జ్వరం నూట మూడు. వాడి కంటే నేనే తప్పు చేసినదానిలా కుంగిపోయాను. నా కణాలకు దారి తెలియలేదేమో, నా ఒంట్లో ఏ లోపం ఉన్నదో అని. ఇది దాతలందరికీ కలిగే వెర్రి అని తరువాత తెలిసింది. హార్వెల్ ఎలుకల గురించి, టొరాంటో ఆదివారం గురించి చదవటం మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే. ధైర్యం కోసం చదివానంటే అబద్ధం. ఊరికే కూర్చోలేక చదివాను. పదిహేనో రోజు నలభై. ఆ అంకెను చూసి వైద్యుడు నవ్వలేదు, రేపు చూద్దాం అన్నాడు. పదిహేడున రెండు వందల పది. పందొమ్మిదిన ఆరు వందలు. ఆ రోజు ఎవరూ గట్టిగా మాట్లాడలేదు, అంకెకు దిష్టి తగులుతుందేమోనన్నట్టు.

మా తమ్ముడిది మగ శరీరం, నావి ఆడ కణాలు. కనుక కొత్త నెత్తురు ఎవరిదో తేల్చటం సులువు. కణాల్లో ఎక్స్, వై క్రోమోజోములు వెతికితే సరిపోతుంది. నెలాఖరు పరీక్షలో వాడి నెత్తుటిలో దాదాపు అన్నీ రెండు ఎక్స్‌లు ఉన్న కణాలే. 1956లో ఎలుకలకు వేసిన ప్రశ్ననే, అదే క్రోమోజోముల సాక్ష్యంతో, వాడికీ వేశారు. బి పాజిటివ్ అయినవాడు పాత ఎర్రకణాల ఆయువు తీరేకొద్దీ మెల్లగా నాలాగే ఓ పాజిటివ్ అయ్యాడు.

అక్కడితో నిరీక్షణ ముగియదు. వైద్యులు ముఖ్యమైన మైలురాయిగా పెట్టుకున్నది నూరో రోజు. కూపర్స్‌టౌన్ ఆరుగురిలో ఎవరూ దాటలేనిది ఆ నూరో రోజే. నేను గోడ మీది క్యాలెండరులో దాన్ని చుట్టలేదు, చేయి రాలేదు. వాడు దాటాడు. చర్మం మీద దద్దుర్లు వచ్చి పోయాయి, కాలేయం ఒకసారి భయపెట్టింది. మందులు ఏడాదికి గాని ఆపలేదు. కణాలు ఆరు వందలైనంత మాత్రాన అవి తెలివి గలవని కాదు. ఏది శత్రువో, ఏది ఇల్లో నేర్చుకోవటానికి వాటికి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పడతాయి. చిన్ననాడు వాడి ఒళ్ళు నేర్చుకున్నదంతా పాత మూలుగతోనే చాలావరకు పోయింది. అందువల్ల ఏడాది తరువాత పసిపిల్లలకు వేసే టీకాలన్నీ మళ్ళీ మొదటి నుంచి వేయించాలి; కోరింత దగ్గు, ధనుర్వాతం, పోలియో. తట్టు వంటి బ్రతికున్న టీకాలకు రెండేళ్ళు ఆగాలి.

ముప్పై నాలుగేళ్ళ మనిషిని తీసుకుని నేను టీకాల వరుసలో నిలబడ్డాను. చుట్టూ చంకన బిడ్డలతో తల్లులు. చీటీ వ్రాసే ఆవిడ తల ఎత్తకుండానే పేరు అడిగింది, చెప్పాను. వయసు అడిగింది. నేను నోరు తెరిచేలోగానే వాడు వెనుక నుంచి, "పదమూడు నెలలండీ" అన్నాడు.